బస్సు, బస్‌బార్

మన ఊరి బస్సూ, సొంతంగా కట్టుకున్న విమానంలోని ‘బస్’ కూడా ఒక్క ఇంటి మాటలే. లాటిన్‌లో ‘ఆమ్నిబస్’ అంటే అందరి కోసం. 1820లలో ఫ్రాన్సులోని నాంత్‌లో ఊరంతా ఎక్కే గుర్రపు బండికి ఆ పేరొచ్చింది. తర్వాత అన్ని తీగలకూ కరెంటు పంచే రాగి పట్టీ ‘ఆమ్నిబస్ బార్’ అయింది, అదే బస్‌బార్.

విమానం కట్టేవాళ్లకు ఇది ప్రాణంతో సమానమైన మాట. అమెరికాలో విమాన విద్యుత్ నిపుణుడు బాబ్ నకల్స్ ‘ఎండ్యూరెన్స్ బస్’ను ప్రచారంలోకి తెచ్చారు. గాల్లో ఆల్టర్నేటర్ చెడితే మాస్టర్ స్విచ్ ఆపేస్తారు. అప్పుడు రేడియో వంటి ముఖ్యమైనవాటికి ఆ చిన్న బస్ బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తుంది. ఆ కరెంటు మిగతా పరికరాలున్న మెయిన్ బస్‌లోకి వెనక్కి పారకుండా మధ్యలో డయోడ్ అడ్డుకుంటుంది. మాస్టర్ స్విచ్‌తో పనిచేసే కాంటాక్టర్ కాయిల్ తినే కరెంటూ మిగులుతుంది. ఆ కాస్తే ఎంతో విలువైనది. అందుకే మొదటి తీగ కోయకముందే ఏ పరికరం ఏ బస్ మీదో కాగితం మీద రాసుకోండి.