అరబ్బు నగరాలు: పాత గోడలు - కొత్త మేడలు

గల్ఫు దేశాలకు వెళ్ళి వచ్చినవారు మన సభ్యుల కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. సెలవుల్లో ఇంటికి రాగానే అక్కడి అద్దాల మేడల ఫోటోలు చూపిస్తారు. మనమంతా నోరు తెరుచుకుని చూస్తాం. ఆ మేడలను లేపిన చేతుల్లో మన తెలుగువారి చేతులూ ఉన్నాయి గనుక కొంత గర్వం కూడా కలుగుతుంది. అయితే ఆ మేడలకు ముందు ఆ చోట ఏముండేది? ఏ.సి. మిషన్లు లేని రోజుల్లో ఆ మండుటెండల్లో జనం ఎలా బ్రతికారు? ఈ సంగతి ఆలోచించేవారు తక్కువ.

జిద్దా పాత పట్నంలో ఇళ్ళను ఎర్ర సముద్రపు పగడపు రాయితో కట్టేవారు. వీధి వైపు చెక్క జాలీల కిటికీలు ముందుకు పొడుచుకుని వచ్చేవి. వాటిని అక్కడ 'రౌషన్' అంటారు. కైరోలో ఇలాంటి వాటి పేరు 'మష్రబియా'. త్రాగడమనే అర్థం గల అరబ్బీ ధాతువు నుంచి ఆ మాట వచ్చిందంటారు. నీళ్ళ కూజాలు చల్లబడటానికి అక్కడ పెట్టేవారట. జాలీ ఉంటే ఎండ రాదు, గాలి వస్తుంది, పర్దాకు భంగం లేదు. దుబాయిలో ఇంటిమీద 'బర్జీల్' అనే గాలి గోపురం కట్టి, పైగాలిని పట్టి గదిలోకి దింపేవారు. ఇంటి నడుమ ఆకాశం కనబడే 'సహన్' ఉండేది. ఈ మాట మన ఉర్దూలోనూ ఉంది. దానికి దగ్గరి ఏర్పాటే తెలుగిళ్ళలోని మండువా.

ఈ పాత తెలివిని కొత్త కాలానికి పనికి తేవాలని పట్టుబట్టిన వ్యక్తి ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్హీ (1900-1989). లక్సర్ ఎదుట నైలు నది పడమటి ఒడ్డున, ఫరోల కాలంనాటి సమాధుల మీద కాపురముంటున్న గుర్నా వాసులకు వేరే చోట ఊరు కట్టే పని 1940ల నడుమ ఆయనకు అప్పగించారు. ఆయన సిమెంటు, ఇనుము జోలికి పోలేదు. కింద చెక్క ఆధారం లేకుండానే పచ్చి ఇటుకతో గుమ్మటం లేపగల నూబియా మేస్త్రీలను పిలిపించి, మసీదు, బడి, బజారుతో సహా 'కొత్త గుర్నా'ను మొదలుపెట్టాడు. ఊరు అందంగానే తయారైంది. కాని గుర్నా వాసులు కదలలేదు. వాళ్ళ బ్రతుకుతెరువు పాత ఊరితోనే ముడిపడి ఉంది మరి. పని సగంలో ఆగిపోయింది. ఆ అనుభవాన్ని ఆయన వ్రాసిన పుస్తకం 1973లో 'ఆర్కిటెక్చర్ ఫర్ ద పూర్' అనే పేరుతో ఇంగ్లీషులో వెలువడి ప్రపంచమంతా చదివింది. ఊరు ఓడింది గాని ఆలోచన ఓడలేదు.

అదే 1973లో చమురు ధరలు మండిపోయాయి. గల్ఫులోకి డబ్బు వరదలా వచ్చింది. ఎక్కడ చూసినా కాంక్రీటు పెట్టెలు, అద్దాల గోడలు! ఎండను లోపలికి రానిచ్చి, దాన్ని చల్లార్చడానికి కరెంటు కాల్చడం మొదలైంది. అయినా కొందరు వేరే దారి చూపారు. జిద్దా విమానాశ్రయంలో 1981లో తెరిచిన హజ్ టెర్మినల్ అందుకు మంచి ఉదాహరణ. టెఫ్లాన్ పూత పూసిన ఫైబర్ గ్లాసు గుడ్డతో 210 గుడారాలు వేశారు. అరబ్బుల పాత గుడారమే, కొత్త గుడ్డతో! చుట్టూ గోడలు లేవు. గాలి దానంతటదే ఆడుతుంది. దీనికి ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. ఆ మహనీయుడు 1982లో ఆ జిద్దా నగరంలోనే కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ కట్టడానికి ఆగాఖాన్ బహుమతి వచ్చింది.

రియాద్‌లో 1984లో పూర్తయిన విదేశాంగ శాఖ భవనం బయటికి కోటగోడలా మూసినట్టుంటుంది. లోపల నీడ, నీళ్ళు, సహన్‌లు. కట్టినవాడు డెన్మార్కు వాస్తుశిల్పి హెనింగ్ లార్సెన్. దోహాలో 2008లో తెరిచిన ఇస్లామీ కళల మ్యూజియానికి ఐ.ఎం. పెయ్ నమూనా కోసం దేశాలు తిరిగి, చివరకు కైరోలోని ఇబ్న్ తూలూన్ మసీదు వజూఖానా దగ్గర ఆగాడు. అబూధాబీలో 2012లో పూర్తయిన అల్ బహర్ జంట మేడలకు చుట్టిన జాలీలు ఎండ తిరిగేకొద్దీ తెరుచుకుంటాయి, ముడుచుకుంటాయి.

కాని పోయినవీ ఉన్నాయి. దుబాయిలో గాలి గోపురాల బస్తకియా పేట సగం 1980లలో నేలమట్టమైంది. మిగతా సగం కొందరు మొరపెట్టుకోబట్టి దక్కింది. మక్కాలో తుర్కుల కాలపు అజ్యాద్ కోటను 2002లో పడగొట్టారు. ఆ చోట ఇప్పుడు 601 మీటర్ల గడియారపు మేడ ఉంది. హాజీలకు వసతి కావాలన్నది నిజమే. పోయిన కోట తిరిగి రాదన్నదీ నిజమే. జిద్దా పాత పట్నం మాత్రం 2014లో యునెస్కో జాబితాకెక్కింది.

చివరగా ఒక మనవి. గుమ్మటం, మీనార్ బొమ్మలు పైన అతికించినంత మాత్రాన సంప్రదాయం కాదు. ఎండ, గాలి, నీరు, ఇరుగుపొరుగు మర్యాద - వీటిని తెలుసుకుని కట్టడమే సంప్రదాయం. గల్ఫు సంపాదనతో మనమూ సహన్‌లు పూడ్చి స్లాబులు పోస్తున్నాం. వేసవిలో ఆ గదుల్లో ఉడికిపోతూ ఏ.సి.లు కొంటున్నాం. పాత ఇంటి మీదో, పాత మసీదు మీదో గునపం వేసేముందు ఊళ్ళోని ముసలి మేస్త్రీని ఒక్క మాట అడుగుదాం. అల్లాహ్ మనకు ఆ వివేకం ప్రసాదించుగాక. ఆమీన్.