పులుసు, కారం, వైన్: భిలాయ్ తెలుగింట ఏ వంటకు ఏ సీసా?

తెలుగు రాష్ట్రాల్లో ‘వైన్స్’ అని బోర్డు ఉన్న దుకాణంలో వైన్ అడిగేవాళ్లు తక్కువ. ఆ మాటకు మన ఊళ్లలో మద్యం దుకాణం అన్న అర్థమే స్థిరపడిపోయింది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ తికమక లేదు. అక్కడ దుకాణాలు ‘దేశీ మదిరా’, ‘విదేశీ మదిరా’ అని రెండుగా ఉంటాయి. నాసిక్‌లో సీసాలో నింపిన వైన్ కావాలన్నా వెళ్లాల్సింది విదేశీ మదిరా దుకాణానికే.

భిలాయ్ ఉక్కు కర్మాగారం సోవియట్ సాయంతో కట్టింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. సెక్టార్ క్వార్టర్లలో ఇప్పుడు వారి మనవల తరం నడుస్తోంది. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడినా వంటింట్లో మాత్రం చింతపండు, ఆవకాయ జాడీ అలాగే ఉన్నాయి. పుణె, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు భోజనాల బల్ల మీద వైన్ సీసా కనిపించడం కూడా ఇప్పుడు మరీ వింతేమీ కాదు.

చిక్కంతా ఆ సీసాతోపాటు వచ్చే సలహాతోనే. మాంసానికి ఎర్ర వైన్, చేపకు తెల్ల వైన్ అన్నది యూరప్ వంటల కోసం పుట్టిన సూత్రం. అక్కడ మాంసం అంటే ఉప్పు, మిరియాలు చల్లి కాల్చిన ముక్క. మన మాంసం కూరలో మాంసం కంటే ముందు నాలుకకు తగిలేది కారం, మసాలా, పులుపు. కాబట్టి తెలుగు భోజనానికి వైన్ ఎంచుకునేటప్పుడు ముక్క ఏమిటన్నది కాదు, పులుసు ఏమిటన్నది చూడాలి.

కారం సంగతి ముందు

మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని గుర్తించే గ్రాహకాలను తట్టి లేపుతుంది. ఈ గ్రాహకాలు సాధారణంగా 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్పందిస్తాయి. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీల దగ్గరే స్పందించడం మొదలుపెడతాయని ప్రయోగశాలల్లో తేలింది. అంటే శరీర ఉష్ణోగ్రతకే మంట పుడుతుంది. నాటుకోడి పులుసు తిని 14 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ గుక్క వేస్తే కారం తగ్గకపోగా రెట్టింపైనట్టు అనిపించడానికి కారణం ఇదే. ఎర్ర వైన్‌లోని వగరు పదార్థాలు, అంటే టానిన్లు, లాలాజలంలోని ప్రొటీన్లతో కలిసి నోటిని ఎండగడతాయి. మంటకు వగరు తోడైతే వంటా పోతుంది, వైనూ పోతుంది.

కారం కూరకు నప్పే వైన్‌లో ఆల్కహాల్ తక్కువగా, 11 నుంచి 12.5 శాతం మధ్య ఉండాలి. వగరు దాదాపు ఉండకూడదు. లేశమంత తీపి ఉంటే మంచిది. బాగా చల్లగా ఉండాలి. మన దేశంలో సులువుగా దొరికేవాటిలో ఈ లెక్కకు దగ్గరగా వచ్చేవి చెనిన్ బ్లాంక్, రీజ్లింగ్, రోజే. ఖరీదైన క్యాబర్నే సావిన్యో ఈ పనికి రాదు. ధర ఎక్కువైతే జోడీ బాగా కుదురుతుందన్న భ్రమ వదులుకుంటే డబ్బు కూడా మిగులుతుంది.

చింతపండుకు ద్రాక్షతో చుట్టరికం

చింతపండు పులుపుకు ముఖ్య కారణం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలోనూ ప్రధాన ఆమ్లం అదే. పండ్లలో ఇంత ఎక్కువగా టార్టారిక్ ఆమ్లం ఉండేవి అరుదు. అలా చూస్తే పులిహోర, చేపల పులుసు వైన్‌కు దూరపు బంధువులు.

బంధుత్వం ఉన్నంత మాత్రాన కుదురుతుందని కాదు. పుల్లని ముద్ద నోట్లో ఉన్నప్పుడు వైన్‌లోని పులుపు నాలుకకు తక్కువగా తెలుస్తుంది. అసలే పులుపు తక్కువైన వైన్ అయితే చప్పటి నీళ్లలా తోస్తుంది. అందుకే వంట కంటే వైన్ ఒక పాలు ఎక్కువ పుల్లగా ఉండాలి. చేపల పులుసుకు సావిన్యో బ్లాంక్ నిలబడుతుంది. చేపకు ఎర్ర వైన్ వద్దన్న పాత మాట మాత్రం ఇక్కడ కూడా చెల్లుతుంది. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేపతో కలిసినప్పుడు నీచు వాసన మిగులుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు.

గోంగూర మటన్ వీటన్నిటికంటే కష్టమైన కేసు. పులుపు, కారం, కొవ్వు మూడూ ఒకేచోట ఉంటాయి. మటన్ కదా అని షిరాజ్ తీస్తే గోంగూర పులుపు దాని వగరును రంపంలా చేస్తుంది. చల్లని రోజే మేలు. మిరియాల వేపుడులా పులుపు లేకుండా, పొడిగా వేయించిన మాంసం అయితే షిరాజ్‌కు అవకాశం ఇవ్వొచ్చు. ఆ ద్రాక్షలో మిరియాల వాసననిచ్చే పదార్థం సహజంగానే ఉంటుంది.

ఏ పండుగకు?

యూరప్‌లో పండుగ భోజనమంటే వైన్ సహజంగా ఉంటుంది. తెలుగింట నైవేద్యం పెట్టిన రోజు మద్యం ఊసే ఉండదు. ఉగాది, వినాయక చవితి, వరలక్ష్మీ వ్రతం విందులకు వైన్ వెతకడంలో అర్థం లేదు. మన పండుగల్లో వైన్‌కు చోటున్నది ప్రధానంగా కనుమ. సంక్రాంతి మర్నాడు మినప గారెలు, నాటుకోడి. ఆ తర్వాత క్రిస్మస్, కొత్త సంవత్సరం, పెళ్లిరోజులు.

గారెలకు, ఆ మాటకొస్తే నూనెలో వేగిన దేనికైనా, నురగ వైన్‌ను మించింది లేదు. బ్రూట్ అని రాసి ఉన్న సీసా తీసుకోవాలి. దాని పులుపు, బుడగలు కలిసి నూనె జిడ్డును నాలుక మీంచి కడిగేస్తాయి. భిలాయ్‌లో ఛత్తీస్‌గఢీ ఇరుగుపొరుగు తీజా, పోలా పండుగలకు పంపే ఠేఠ్రీ శనగపిండితో చేసే ఉప్పటి, కరకరలాడే పిండివంట. డబ్బాలో మిగిలిన ఠేఠ్రీ, చల్లటి బ్రూట్ మంచి జోడీ. అదే పళ్లెంలో వచ్చే ఖుర్మీ తియ్యనిది కాబట్టి పక్కన పెట్టాలి. వైన్ కంటే వంటకం తియ్యగా ఉంటే వైన్ పుల్లగా, చేదుగా మారిపోతుంది. బొబ్బట్లకు ‘లేట్ హార్వెస్ట్’ అనే తీపి వైన్ సరిపోతుంది. దుకాణంలో చవకగా దొరికే ‘పోర్ట్’ మాత్రం పోర్చుగల్‌లో బ్రాందీ కలిపి చేసే పోర్ట్ కాదు. చాలావరకు తీపి కలిపిన ఎర్ర వైనే.

రోజువారీ భోజనానికి వైన్ అక్కర్లేదు. ముద్దపప్పు, ఆవకాయ, పెరుగు ఉన్న కంచంలో ఆవపిండి, ఉప్పు, నూనె ఏ వైన్‌నూ బతకనివ్వవు. కారానికి పాలలోని కేసీన్ ప్రొటీనే అసలైన విరుగుడు కాబట్టి అక్కడ మజ్జిగే గెలుస్తుంది. ఛత్తీస్‌గఢీల బోరే బాసీ మన చద్దన్నమే. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని దాన్ని తినేవాళ్లు పక్కన గ్లాసు కోసం చూడరు.

అరలో ఏముంది?

2017 ఏప్రిల్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లో మద్యం చిల్లర అమ్మకాలను రాష్ట్ర ప్రభుత్వ సంస్థే చూస్తోంది. అరల్లో ఎక్కువ చోటు విస్కీ, రమ్, బీరుదే. దొరికిన రెండు మూడు వైన్లలో ఎంచుకోవాల్సి రావచ్చు. అప్పుడు బ్రాండ్ కంటే సీసా మీది సంవత్సరం ముఖ్యం. మామూలు తెల్ల వైన్, రోజే తయారైన ఏడాది, రెండేళ్లలో తాగేయాలి. ఎండ తగిలే అరలో నిలబెట్టిన సీసా, పైకి ఉబికిన బిరడా ఉన్న సీసా తీసుకోకూడదు. మరమూత ఉంటే చవకబారు అనుకోనక్కర్లేదు. మన వేడికి అదే నమ్మకమైనది.

నాసిక్‌లో రాజీవ్ సామంత్ సులా పేరుతో 1990ల చివర్లో ద్రాక్ష నాటారు. బెంగళూరు దగ్గర నంది కొండల్లో గ్రోవర్ కుటుంబం అంతకంటే ముందే మొదలుపెట్టింది. తెలుగువాళ్ల చెయ్యి కూడా ఇందులో ఉంది. హైదరాబాద్ ఔషధ పారిశ్రామికవేత్త చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ హంపీ కొండల దగ్గర క్రస్మా పేరుతో ద్రాక్షతోట, వైనరీ నడుపుతున్నారు. పక్కనే మహారాష్ట్ర కదా, నాగ్‌పూర్ నుంచి తెచ్చుకుందామనుకునేవాళ్లు ఎక్సైజ్ నిబంధనలు చూసుకోవాలి. వేరే రాష్ట్రం మద్యాన్ని పరిమితి మించి తేవడం నేరం.

ఛత్తీస్‌గఢ్ సొంత పానీయం ఇప్పసారా. మార్చి, ఏప్రిల్‌లలో రాలే ఇప్పపూలను ఎండబెట్టి, పులియబెట్టి బట్టీ పడతారు. దాన్ని ‘మహువా వైన్’ అనడం తప్పు. అది బట్టీ పట్టిన సారా. బస్తర్‌లో సల్ఫీ అని పిలిచేది మాత్రం మన ఏజెన్సీ ప్రాంతాల్లోని జీలుగు కల్లే. తాజాగా ఉన్నప్పుడు పులుపు, తీపి, తక్కువ ఆల్కహాల్ కలిసిన పానీయం అది. కారం కూరకు ఏం కావాలో అన్నీ అందులో ఉన్నాయి. చెట్టు దిగిన కొన్ని గంటల్లోనే పులిసిపోతుంది కాబట్టి భిలాయ్ దాకా ఆ రుచితో చేరదు.

గ్లాసు లెక్క

భిలాయ్ ప్రాంతంలో మద్యం గురించి మాట్లాడటం ఒట్టి రుచుల ముచ్చట కాదు. ఈ కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపిన దల్లీ రాజ్‌హరా గనుల్లో శంకర్ గుహా నియోగీ నాయకత్వంలోని కార్మిక సంఘం కూలి పెంపుతోపాటు మద్యం మాన్పించడాన్నీ ఉద్యమంగా చేసింది. పెరిగిన కూలి సారా దుకాణానికి పోతే గెలిచిందేమిటన్నది వాళ్ల ప్రశ్న. అదే సంఘం అక్కడ 1983లో షహీద్ ఆసుపత్రి తెరిచింది. 1991 సెప్టెంబర్ 28న నియోగీ భిలాయ్‌లోనే హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఊపందుకున్న సారా వ్యతిరేక ఉద్యమం తెలుగువాళ్లకు తెలిసిందే.

వైన్ ‘తేలిక’ అన్న నమ్మకాన్ని ఈ వెలుగులో చూడాలి. 12.5 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో సుమారు 20 గ్రాములు. రెండు గ్లాసుల వైన్ తాగినవాళ్లు ఒకటిన్నర పెద్ద పెగ్గు తాగినట్టే. ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న మాటను పట్టుకు వేలాడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆరోగ్యానికి హాని చేయని మద్యం పరిమాణమంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. రాత్రి షిఫ్టుకు కర్మాగారం లోపలికి వెళ్లాల్సినవాళ్లు, బండి నడపాల్సినవాళ్లు, గర్భిణులు, మందులు వాడేవాళ్లు ఆ గ్లాసు అసలు ముట్టుకోకూడదు.

రుచి చూడటం, దాచడం

రుచి చూడటానికి పెద్ద తంతు అవసరం లేదు. గ్లాసు మూడో వంతు నింపి, తిప్పి, వాసన చూడాలి. తడిసిన అట్టముక్క వాసన వస్తే బిరడా వల్ల చెడిందని అర్థం. తెల్ల వైన్ గోధుమ రంగుకు తిరిగి, కోసి పెట్టిన ఆపిల్ వాసన వస్తే గాలి తగిలి పోయినట్టు. తర్వాత ఒక గుక్క ఉత్తగా, కూర కలిపిన ముద్ద తిన్నాక ఇంకో గుక్క. రెండో గుక్కలో మంట పెరిగితే ఆ జోడీ పనికిరాదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కూరకు రెండు రకాలు పక్కపక్కన చూస్తే పుస్తకాలు చెప్పనిది కూడా తెలుస్తుంది. పెద్ద విందుకు ముందు ఒకసారి ఇలా చూసుకోవడం మంచిది.

ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలంటారు. ఆ గది యూరప్‌లోని రాతి ఇల్లు, 16 నుంచి 18 డిగ్రీలది. మే నెల భిలాయ్ క్వార్టర్ కాదు. ఎర్ర వైన్‌నైనా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి. తెల్లది, రోజే 8 నుంచి 10 డిగ్రీల్లో, బ్రూట్ ఇంకా చల్లగా ఉండాలి. ఎండాకాలంలో బీరువా మీద, ఫ్రిజ్ పైన, వంటింటి అటక మీద సీసా పెడితే కొన్ని వారాల్లో ఉడికిపోతుంది. అసలు ఫిబ్రవరిలో కొని డిసెంబర్ దాకా దాచే ఆలోచనే మానుకోవాలి.

తెరిచిన సీసాకు మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే తెల్ల వైన్, ఎర్ర వైన్ రెండు మూడు రోజులు నిలుస్తాయి. బ్రూట్ అయితే మర్నాటికే బుడగలు పోతాయి.