దిండు కింది పుస్తకాలు

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, రక్తపిశాచాల నవలలు చదువుతానంటే మిత్రులు నవ్వుతారు. "అలసట తీరడానికా?" అంటూ సాకు కూడా వాళ్లే వెతికిపెడతారు. కాదు, ఇష్టంగానే చదువుతాను. అయినా ఎవరైనా వస్తే పుస్తకం దిండు కిందికి పోతుంది. ఈ సిగ్గు ఎక్కడిదా అని వెతికితే దానికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉందని తేలింది.

1790లలో ఇంగ్లండు స్త్రీలు భయానక నవలల్ని విరగబడి చదివారు. కొనలేనివాళ్లు చందా కట్టి సర్క్యులేటింగ్ లైబ్రరీల నుంచి తెచ్చుకునేవారు. లండన్‌లో విలియం లేన్ నడిపిన మినర్వా ప్రెస్ ఈ నవలలకు పెట్టింది పేరు. ఇవి చదివితే ఆడపిల్లల బుర్రలు పాడైపోతాయని నీతిబోధకులు గోలపెట్టారు.

జేన్ ఆస్టిన్ చనిపోయాక 1817 చివర్లో వెలువడిన 'నార్తాంగర్ అబ్బీ'లో ఇసబెల్లా తన స్నేహితురాలు కేథరిన్‌కు ఏడు భయానక నవలల పేర్లు చదివి వినిపిస్తుంది. అవి ఆస్టిన్ వేళాకోళానికి కల్పించిన పేర్లేనని చాలాకాలం అనుకున్నారు. అన్నీ నిజమైన పుస్తకాలేనని 1920లలో గానీ తేలలేదు. ఏడింటిలో ఆరు మినర్వా ప్రచురణలు. నాలుగు స్త్రీలు రాసినవి. అందులో రెండు ఎలైజా పార్సన్స్‌వి. భర్త పోయాక ఎనిమిదిమంది పిల్లల్ని సాకడానికి కలాన్ని నమ్ముకున్న మనిషి ఆమె. ఒక తరం స్త్రీలు నిద్ర మానుకుని చదివిన పుస్తకాలు, ఒక స్త్రీకి అన్నం పెట్టిన పుస్తకాలు, నూరేళ్లకల్లా అసలు ఉన్నాయా అన్న అనుమానంలో పడ్డాయి. ఎగతాళి చేసే పని ఇదే. చదువుతున్నవాళ్లను ఆపలేదు గానీ, వాళ్లు చదివిన ఆనవాళ్లు చెరిపేస్తుంది.

ఇంతకీ ఆ భయాలు ఉత్తుత్తివేనా? ఆన్ రాడ్‌క్లిఫ్ 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' (1794)లో దయ్యాల కంటే భయంకరుడు మోంటోనీ. ఆస్తి రాసిమ్మని భార్యను కోటలో బంధిస్తాడు. ఇలాంటి నవలలు చదివిన కేథరిన్, జనరల్ టిల్నీ భార్యను చంపాడేమోనని ఊహించి సిగ్గుపడాల్సి వస్తుంది. కానీ ఆమెకు డబ్బు లేదని తెలియగానే అదే జనరల్ ఆమెను తోడైనా లేకుండా ఇంట్లోంచి పంపేస్తాడు. కేథరిన్ నేరాన్ని తప్పుగా ఊహించింది, మనిషిని కాదు.

పాలిడోరి 'ది వాంపైర్' (1819)లో పిశాచం పెద్దమనిషి. పెళ్లికొడుకుగానే ఇంట్లో అడుగుపెడతాడు. గుట్టు తెలిసిన అన్న, ఇచ్చిన మాటకు కట్టుబడి నోరు విప్పలేక చెల్లెల్ని పోగొట్టుకుంటాడు. మనకు తెలియని కథా ఇది?

అలాగని ఈ నవలలన్నీ మన పక్షమేనని బుకాయించను. స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' (2005)లో ఎడ్వర్డ్, బెల్లాకు తెలియకుండా ఆమె గదిలోకొచ్చి నిద్రపోతుంటే చూస్తుంటాడు. అది ప్రేమ అంటుంది నవల. కాదంటాను నేను. అయినా పేజీ తిప్పాను. అంత బలం, అంత ఆకలి ఉండి కూడా తనను తాను అదుపు చేసుకునే మగవాడు ఎంతమంది ఆడవాళ్లకు కలగా మిగిలాడో ఆ నవలకొచ్చిన ఆదరణే చెబుతుంది. ఆ కలను తప్పుపట్టే ముందు, అది కలగానే ఎందుకు మిగిలిందో అడగాలి కదా.

మన ఊళ్లలోనూ అద్దె పుస్తకాల షాపులుండేవి. 1970, 80లలో అక్కణ్ణుంచి నవలలు తెచ్చుకుని, వంటపని అయ్యాక చదివిన ఆడవాళ్లను మనమూ ఇలాగే ఎగతాళి చేశాం. మా అమ్మ వాళ్లలో ఒకతి. ఆమె చదివిన నవల ఒక్కటీ నా థీసిస్‌లో లేదు. ఏం చదివేదానివమ్మా అంటే "ఏవో పిచ్చి నవలల్లే" అని కొట్టిపారేసేది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను దిండు కింద దాచే పుస్తకాల పేర్లు ముందు చెప్పి, మళ్లీ అడిగాను. కాసేపు నవ్వింది. తర్వాత ఒక్కొక్క పేరే గుర్తు చేసుకుంది. పదకొండు రాసుకున్నాను.