పది అణాలు, పది దోమలు

పళ్ళు టకటకలాడి, దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగని జ్వరాన్ని మన పెద్దవాళ్ళు చలిజ్వరం అనేవారు. మలేరియా అన్నది ఇటాలియన్ల మాట. చెడ్డగాలి అని అర్థం. బురదనేలల మీదుగా వీచే గాలి వల్లనే ఈ జబ్బు వస్తుందని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని కూలదోసిన పరిశోధన ఎక్కడ జరిగిందనుకున్నారు? మన సికింద్రాబాదు పక్కన, బేగంపేటలో.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో రోగి నెత్తురులో ఈ జ్వరపు క్రిమిని చూశారు. సరే, క్రిమి దొరికింది. అది ఒకరినుంచి మరొకరికి ఎలా చేరుతోంది? లండనులో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరుగారికి దోమల మీద అనుమానం కలిగింది. రోగిని కుట్టిన దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగినవాళ్ళకి జ్వరం వస్తుంది అని ఆయన ఊహ. సగం ఒప్పు, సగం తప్పు అన్నమాట. 1894లో ఆయన దగ్గర ఈ సంగతి విని, మరుసటి ఏడు సికింద్రాబాదు పటాలానికి డాక్టరుగా వచ్చారు రొనాల్డ్ రాస్. పుట్టింది మన దేశంలోనే, అల్మోరాలో. దోమలు చచ్చిన నీళ్ళు మనుషులచేత తాగించి కూడా చూశారాయన. ఏమీ తేలలేదు.

ఇక రెండేళ్ళపాటు దొరికిన దోమనల్లా రోగులమీద వదిలి, తరువాత దాని పొట్ట కోసి సూక్ష్మదర్శినిలో వెతికారు. బూడిదరంగువీ, చారలవీ ఎన్నో కోశారు. లాభం లేకపోయింది. ఎండాకాలం ఉక్కలో పంకా వేసుకుందామంటే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి. నుదుటి చెమట కారి యంత్రం మరలు తుప్పుపట్టాయట! మధ్యలో ఊటీ ప్రాంతానికి వెళ్ళి, తానే మలేరియా తెచ్చుకున్నారు.

1897 ఆగస్టు నడిమిలో ఆయన మనుషులు ఒక సీసాలో నీటిపురుగులు పట్టి తెచ్చారు. వాటిలోంచి రెక్కలమీద మచ్చలున్న గోధుమరంగు దోమలు పుట్టాయి. సీసాలో పెంచడం దేనికంటారా? బయటి దోమ అంతకుముందు ఎవరిని కుట్టి వచ్చిందో ఎవరికెరుక! ఇవైతే ఇంకా ఎవరి నెత్తురూ రుచి చూడనివి. 16వ తేదీన వాటిలో పదింటిని హుసేన్ ఖాన్ అనే రోగిమీద వదిలారు. కాటుకి ఒక అణా చొప్పున పది అణాలు ముట్టాయి అతనికి. జ్వరంతో ఉన్న మనిషి డబ్బుకోసం దోమలకి ఒళ్ళప్పగించడం తలుచుకుంటే నా మనసు చివుక్కుమంటుంది. కానీ అతను వద్దని ఉంటే ఆ రోజున ఈ కథ ముందుకి సాగేది కాదు.

20వ తేదీ మధ్యాహ్నం, మిగిలిన ఒకటిరెండు దోమల్లో ఒకదాన్ని కోశారు రాస్. దాని జీర్ణాశయపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా క్రిమికి ఉండే నల్లటి రేణువులు! మరునాడు ఇంకొక దోమను కోస్తే ఆ కణాలు మరికాస్త పెద్దవిగా ఉన్నాయి. అంటే క్రిమి దోమ కడుపులో పెరుగుతోందన్నమాట. ఆ దోమ పేరేమిటో కూడా ఆయనకి అప్పుడు తెలియదు. మనం అనాఫిలిస్ అంటున్నది దానినే. కుట్టేది ఆడదోమ మాత్రమే. గుడ్లు తయారుకావడానికి దానికి నెత్తురు కావాలి. మగదోమ పూలరసం తాగి కాలక్షేపం చేస్తుంది! అనాఫిలిస్‌లో పట్టణాల్లో ఉండే ఒక జాతి మురుగుకాలవను అంతగా కోరదు. మూతలేని మేడమీది ట్యాంకు, బావి, నాలుగు రోజులుగా తొట్లో నిలవున్న మంచినీళ్ళు దానికి చాలు.

ఇంతలో రాస్‌ని రాజపుతానాకి బదిలీ చేశారు. అక్కడ మలేరియా రోగులే తక్కువ! 1898లో కలకత్తా చేరి, పిట్టలకు వచ్చే మలేరియామీద పనిచేశారు. క్రిమి చివరికి దోమ లాలాజల గ్రంథిలోకి చేరుతుందనీ, కాటుతోనే పిట్టకి ఎక్కుతుందనీ జూలైలో రుజువైంది. నీళ్ళు తాగితే వస్తుందన్న ఊహ అక్కడితో పోయింది. మనుషుల విషయంలో అదే సంగతిని ఆ ఏడాదే ఇటలీలో గ్రాసీ, ఆయన తోటివారు రుజువుచేశారు. 1902 నోబెల్ బహుమానం మాత్రం రాస్ ఒక్కరికే వచ్చింది. ఘనత ఎవరిదన్న తగవులో ఆ ఇద్దరూ పెద్దమనుషుల్లా ప్రవర్తించలేదనే చెప్పాలి.

బేగంపేటలో ఆ భవనం నేటికీ ఉంది, రాస్ పేరుతో. హుసేన్ ఖాన్ పేరును పది అణాల లెక్కతో సహా రాస్ రాసిపెట్టుకున్నారు కాబట్టి మనకు తెలిసింది.