బల్ల మీద కారు మెదడు: పన్నెండు వోల్టుల పూర్వకథ

మూడు దశాబ్దాల పాటు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. విద్యుత్తుతో నాకు గల పరిచయం ఇంట్లో ఫ్యూజు వేసుకొనేంత వరకే. అటువంటి నేను కారు కంప్యూటరును గురించి వ్రాయబూనడానికి కారణం నా పూర్వవిద్యార్థి ఒకడు. పదవ తరగతి కాగానే మెకానిక్కు పనిలో చేరి, కాలక్రమాన సొంతంగా షెడ్డు పెట్టుకొన్నాడు. కిందటి సంవత్సరం ఒక కారు ఇంజను కంప్యూటరును (వాళ్లు ఈసీయూ అంటారు) పరీక్షించడానికి బండి నుండి విప్పి, బల్ల మీద ఉంచి, పక్కనున్న బ్యాటరీ తీగలు తిన్నగా తగిలించాడు. ప్లస్సు, మైనస్సు తారుమారయినవి. చిన్న చప్పుడు, కాస్త పొగ, అంతే. యజమానికి కొత్తది కొని ఇచ్చేసరికి రెండు నెలల సంపాదన హరించుకుపోయింది.

"పన్నెండు వోల్టులే కదా అనుకొన్నాను మాస్టారూ!" అన్నాడు. ఆ మాట నన్ను వదలలేదు. పుస్తకాలు తిరగవేసి, వాణ్ణీ అడిగి తెలుసుకొన్న సంగతులను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

తొలినాటి కార్లను ముందువైపు ఇనుప హ్యాండిలు తిప్పి కదిలించేవారు. ఇంజను ఎదురు తన్నితే మణికట్టు విరిగేది. ఈ బాధను తొలగించినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ కెటరింగ్. ఆయన రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లకు వచ్చింది. అందులో ఇంజనును తిప్పేటప్పుడు 24 వోల్టులు, దీపాలకూ ఛార్జింగుకూ 6 వోల్టులు వాడారు. అంటే కారులో విద్యుత్తు పుట్టినప్పటి నుండే ఒకే అంకెకు కట్టుబడి లేదన్నమాట. ఆ తరువాత 6 వోల్టులే చాలాకాలం సాగినవి. ఇంజన్ల బలం పెరిగి, వాటిని తిప్పడానికి ఆ శక్తి చాలక, 1950వ దశకం మధ్యలో అమెరికా కార్లు 12 వోల్టులకు మారినవి.

ఆ 12 కూడా పేరుకే. బ్యాటరీలో ఆరు గదులు, గదికి 2.1 వోల్టుల చొప్పున, నిండుగా ఉన్నప్పుడు 12.6. ఇంజను నడుస్తున్నప్పుడు 14కు పైన. సెల్ఫు కొట్టిన క్షణాన 9కి, ఒక్కోసారి ఇంకా దిగువకు పడిపోతుంది. ఛార్జింగు జోరుగా సాగుతుండగా బ్యాటరీ తీగ ఊడితే, తగిన కాపుదల లేని బండిలో కొద్ది క్షణకాలం పాటు 80 వోల్టులు కూడా దాటవచ్చును. ఇటువంటి ఆటుపోట్ల నడుమకు కంప్యూటరు వచ్చి చేరింది.

ఇంధనాన్ని విద్యుత్తుతో కొలిచి పోసే ప్రయత్నం మొదట అమెరికాలో బెండిక్స్ సంస్థ చేసింది. 1958లో క్రైస్లర్ దానిని కొద్ది కార్లకు అమర్చింది గాని, అది నిలువలేదు. ఆ ఆలోచననే అందిపుచ్చుకొని జర్మనీలోని బాష్ సంస్థ 1967లో డి-జెట్రానిక్ పేరిట వోక్స్‌వ్యాగన్ 1600 కారుకు తెచ్చింది. కాలిఫోర్నియాలో పొగపై కట్టుదిట్టాలు రావడమే దానికి ప్రేరణ. 1979లో మోట్రానిక్ వచ్చి, ఇంధనాన్నీ నిప్పురవ్వనూ ఒకే డిజిటల్ పెట్టె ఏలుబడిలోకి తెచ్చింది.

మన దేశంలోనూ కారణం పొగే. ఢిల్లీ ప్రాంతంలో అమ్మే కొత్త కార్లకు యూరో ప్రమాణాలను త్వరపెడుతూ సుప్రీంకోర్టు 1999 ఏప్రిల్‌లో ఆదేశించింది. క్రమంగా కార్బురేటరు కనుమరుగయింది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 వచ్చాక మోటారు సైకిళ్లకు కూడా ఈసీయూ తప్పనిదయింది. నా శిష్యుని వంటివారు చదువుకోని విద్య వారి బల్ల మీదికి అలా వచ్చి పడింది.

ఇక అసలు విషయం. చాలా ఈసీయూలలో విద్యుత్తు తారుమారైనా అడ్డుకొనే భాగం ఒకటి ఉంటుంది. అది ఆ కరెంటును తన మీదుగా మళ్లిస్తుంది; వెంటనే బండిలోని ఫ్యూజు కాలిపోయి పెట్టె దక్కుతుంది. బల్ల మీద ఆ ఫ్యూజు లేదు. బ్యాటరీ మాత్రం వందల ఆంపియర్లు గుమ్మరించగలదు. బండిలో అయితే ఒక ఫ్యూజుతో పోయే పొరపాటు బల్ల మీద రెండు నెలల కూలిని మింగింది. పెట్టెను బండి నుండి విప్పినప్పుడు దాని కాపుదలను బండిలోనే వదలివేస్తున్నాము. దానిని బల్ల మీద మళ్లీ కట్టుకోవాలి.

అందుకు బ్యాటరీకి బదులు, కరెంటుకు హద్దు పెట్టగల పవర్ సప్లై కావాలి. వోల్టేజిని 13 దగ్గర, కరెంటు హద్దును మొదట ఒక ఆంపియరు లోపల ఉంచి, దారిలో చిన్న ఫ్యూజు వేయాలి. పాత రకం బ్యాటరీ ఛార్జరు పనికిరాదు. దాని విద్యుత్తు ఎగుడుదిగుడుగా ఉంటుంది. తీగ రంగును నమ్మక, ఆ పెట్టె నంబరుకు చెందిన పటం చూసి, మీటరుతో సరిచూసుకోవాలి.

జర్మన్ల పద్ధతిలో ఈ తీగలకు అంకెల పేర్లు ఉన్నవి. 31 ఎర్తు, 30 ఎప్పుడూ ఉండే బ్యాటరీ సరఫరా, 15 తాళం తిప్పితే వచ్చేది. కలిపేటప్పుడు ముందు ఎర్తులన్నీ, పిదప 30, చివర 15. తీసేటప్పుడు ముందుగా 15ను ఆపి, కొంతసేపు ఆగాలి. ఏమంటే చాలా ఈసీయూలు తాళం తీశాక కూడా తాము నేర్చుకొన్నది దాచుకొంటూ కొన్ని క్షణాలు మేలుకొని ఉంటాయి. కరెంటు ఉండగా ప్లగ్గు పీకరాదు. కొత్త ప్రోగ్రాము వ్రాస్తుండగా సరఫరా ఆగితే పెట్టె మూగబోవచ్చును. డీజిలు బండ్ల పెట్టెల లోపల 60 వోల్టులకు పైబడిన విద్యుత్తు నిలువ ఉండవచ్చును గనుక మూత తీసినప్పుడు చేయి పెట్టరాదు.

మొన్న వాడి షెడ్డుకు వెళ్లాను. బల్లకు పైన గోడ మీద సుద్దముక్కతో "31, 30, 15" అని వ్రాసి ఉన్నది. కింద తిరుగు వరుస కూడా. ఒకనాడు విభక్తులు అప్పజెప్పలేక నా చేత దెబ్బలు తిన్నవాడు, చేరిన కొత్త కుర్రవాని చేత ఆ వరుసను వల్లె వేయిస్తున్నాడు. తప్పు చెప్పినందుకు కొట్టలేదు, మళ్లీ చెప్పమన్నాడు. అది చూసి కొంత సిగ్గుపడ్డాను, చాలా సంతోషించాను.