అమెరికా ట్యాక్స్ లెక్కలు హైదరాబాద్‌లో: కేపీవో అంటే ఏంటి?

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో బీకామ్ అయిన అమ్మాయికి హైదరాబాద్‌లో "యూఎస్ ట్యాక్స్" జాబ్ వచ్చిందంటే, అమ్మీ అడిగే మొదటి మాట: "కాల్ సెంటరా బేటా?" కాదు. దీన్ని నాలెడ్జ్ ప్రాసెస్ ఔట్‌సోర్సింగ్, అంటే కేపీవో అంటారు. ఫోన్లు ఎత్తే పని కాదిది, చట్టం చదివి లెక్క తేల్చే పని.

అమెరికాలో వ్యక్తులు ఫారం 1040 వేయడానికి మామూలు గడువు ఏప్రిల్ 15. అక్కడి అకౌంటింగ్ సంస్థ కాగితాలు స్కాన్ చేసి పంపుతుంది. ఇక్కడ ఒకరు రిటర్న్ తయారుచేస్తారు, సీనియర్ సరిచూస్తారు. సంతకం మాత్రం అక్కడి సీపీఏదే. తప్పు దొర్లితే క్లయింటుకి జవాబు చెప్పాల్సింది ఆయనే, అందుకే రివ్యూ అంత కఠినంగా ఉంటుంది. డెలాయిట్ లాంటి పెద్ద కంపెనీలకీ హైదరాబాద్‌లో ట్యాక్స్ టీములున్నాయి.

అసలు చిక్కు రహస్యం కాపాడటంలో ఉంది. 2009 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 7216 నిబంధనల ప్రకారం, 1040 వేసే మనిషి వివరాలు దేశం బయటికి పంపాలంటే ముందే ఆయన ఒప్పుకోలు తీసుకోవాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ సాధారణంగా కనపడకుండా చేయాలి. చాలా ఆఫీసుల్లో ఫోన్ లాకర్లో పెట్టించేది ఇందుకే.

పైకి ఎదగాలంటే ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష ఉంది, మూడు భాగాలు. బీకామ్‌లో నేర్చుకున్నది పునాది వరకే (నేనూ బీకామే, తెలుసు).

2025, 2026లో రంజాన్ ఈ సీజన్‌లోనే వచ్చింది. చేరేముందే ఇఫ్తార్ వేళ, రాత్రి క్యాబ్, ఏప్రిల్ తర్వాత ఉద్యోగం ఉంటుందా అన్నవి అడగండి. డిపాజిట్ కట్టమంటే వెనక్కి వచ్చేయండి.