ఒకే ప్రతి, ఒకే చోటు: డెబియన్‌లో లైబ్రరీల నిర్వహణ

పెర్ల్, పైథాన్ వంటి భాషల లైబ్రరీలను ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీలుగా మలిచి నిర్వహించే పని డెబియన్‌లో మూడు దశాబ్దాలుగా సాగుతోంది. అమెరికాలో విద్యార్థిగా ఉన్న ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టు 16న ఈ ప్రాజెక్టును ప్రకటించారు. సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా విడదీసి, ఒక్కోదాని బాధ్యతను స్వచ్ఛంద నిర్వాహకులు పంచుకోవడం దాని పద్ధతి. ఏ ప్యాకేజీకి ఏది అవసరమో ప్యాకేజీలోనే రాసి ఉంటుంది.

1995 అక్టోబరులో పెర్ల్ మాడ్యూళ్ల ఉమ్మడి భండారం సీపాన్ వెలిసింది. మాడ్యూల్ రాసినవారు నేరుగా అందులో పెట్టేవారు, కావలసినవారు నేరుగా దించుకునేవారు. డెబియన్ దారి వేరు. వీలైనంతవరకు ఒక లైబ్రరీకి ఒకే వెర్షన్ ఉండాలి, ప్రోగ్రాములన్నీ దాన్నే వాడుకోవాలి. 2002 మార్చిలో జెడ్‌లిబ్ అనే కుదింపు లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు ఈ పట్టుదలకు కారణం తేటతెల్లమైంది. ఉమ్మడి లైబ్రరీని వాడే ప్రోగ్రాములకు ఆ ఒక్క ప్యాకేజీని మారిస్తే సరిపోయింది. దాని నకలును తమలోనే పెట్టుకున్నవాటిని మాత్రం ఒక్కొక్కటిగా వెతికి సరిచేయాల్సి వచ్చింది. అలాంటి నకళ్లు వద్దనే నియమం ఆ తర్వాత డెబియన్ విధాన పత్రంలో చేరింది.

మాడ్యూళ్లు వందల్లో పెరిగేసరికి ఒక్కో ప్యాకేజీని ఒక్కరే చూసుకోవడం కష్టమైంది. 2004లో ఏర్పడిన డెబియన్ పెర్ల్ బృందం వాటిని ఉమ్మడి బాధ్యతగా తీసుకుంది. నేడు ఆ బృందం చేతిలో మూడు వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. సీపాన్‌లోని హెచ్‌టీఎంఎల్ పార్సర్ మాడ్యూల్ డెబియన్‌లో ‘లిబ్‌హెచ్‌టీఎంఎల్-పార్సర్-పెర్ల్’ అవుతుంది. కొత్త వెర్షన్ వచ్చిందేమో కనిపెట్టే వాచ్ ఫైలు ప్యాకేజీ మూలంలోనే ఉంటుంది. వచ్చిందని తెలిశాక నిర్వాహకులు కోడ్‌ను దించి, డెబియన్ సొంత సవరణలు దానిమీద ఇంకా అతుకుతున్నాయో లేదో చూసి, లైసెన్సుల్లో మార్పులను నమోదు చేసి, పరీక్షలు నడిపి అప్‌లోడ్ చేస్తారు.

అసలు బరువు పెర్ల్ వెర్షన్ మారినప్పుడు పడుతుంది. పూర్తిగా పెర్ల్‌లో రాసిన మాడ్యూళ్లు సాధారణంగా అలాగే పనిచేస్తాయి. హెచ్‌టీఎంఎల్ పార్సర్‌లాగా సీ భాషలో రాసిన భాగం ఉన్నవాటిని మాత్రం మళ్లీ కంపైల్ చేయాలి. అందుకే అవి ‘పెర్ల్ఏపీఐ’ అనే పేరుకు వెర్షన్ సంఖ్య జోడించి తమ అవసరాల్లో చూపుతాయి. పాత పెర్ల్‌కు కట్టుబడి ఉన్నవి ఏవో దాన్నిబట్టి తెలుస్తుంది. 2023 నాటి డెబియన్ 12లో ఉన్న పెర్ల్ 5.36 నుంచి 2025 నాటి డెబియన్ 13లోని 5.40కు చేరడానికి ఇలాంటి పునర్నిర్మాణమే జరిగింది.

పైథాన్‌లో ఇంతకన్నా పెద్ద మార్పు వచ్చింది. 2008 డిసెంబరులో విడుదలైన పైథాన్ 3 పాత కోడ్‌తో పొసగలేదు. దాంతో చాలా లైబ్రరీలకు రెండేసి ప్యాకేజీలు తయారయ్యాయి. 2020 జనవరి 1తో పైథాన్ 2కు మద్దతు ముగిసింది. అయినా ఒక లైబ్రరీని తీసేయాలంటే, ముందు దానిమీద ఆధారపడినవన్నీ పైథాన్ 3కు మారాలి, లేదా తప్పుకోవాలి. ఏదీ ఆధారపడనివాటితో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా కిందికి వచ్చిన ఈ తొలగింపు డెబియన్ 12తో పూర్తయింది.

అదే విడుదలలో మరో పాత తగాదాకు హద్దు గీశారు. పైథాన్ సొంత సాధనం పిప్‌ను నిర్వాహక హక్కులతో నడిపితే, అది తెచ్చిన లైబ్రరీలు డెబియన్ ప్రోగ్రాములకు అడ్డుపడేవి. డెబియన్ తన ప్యాకేజీలకు ‘డిస్ట్-ప్యాకేజెస్’ అనే వేరే డైరెక్టరీ కేటాయించినా చిక్కు పూర్తిగా తీరలేదు. డెబియన్ 12 నుంచి, అక్కడి పైథాన్ ఆపరేటింగ్ సిస్టమ్ అధీనంలో ఉందని తెలిపే ఫైలు కనిపిస్తే పిప్ ఆగిపోతుంది. విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సృష్టించుకోమని వాడుకరికి చెబుతుంది.

రస్ట్ భాషతో పాత సూత్రానికే పరీక్ష ఎదురైంది. అందులో లైబ్రరీ కోడ్ సాధారణంగా ప్రోగ్రాములోనే కలిసిపోతుంది. డెబియన్‌లో ప్యాకేజీల నిర్మాణం ఇంటర్నెట్‌పై ఆధారపడకూడదు కాబట్టి ఆ లైబ్రరీలు సోర్స్ కోడ్ ప్యాకేజీలుగా భండారంలో ఉండాలి. లోపాన్ని లైబ్రరీలో ఒకేచోట సరిదిద్దవచ్చు. కానీ ఆ దిద్దుబాటు వాడుకరులకు అందాలంటే దాన్ని కలుపుకున్న ప్రతి ప్రోగ్రామునూ మళ్లీ నిర్మించక తప్పదు.